మెడికేర్ ఉచితమని రాయకండి

సంపాదకులకు నమస్కారం.

మీ ప్రవాసుల పేజీలో ఈ మధ్య వచ్చిన కథనం గురించి ఈ ఉత్తరం. తల్లిదండ్రులకు గ్రీన్ కార్డు వచ్చి, వయసు అరవై అయిదు దాటితే చాలు, అమెరికాలో ఆసుపత్రి ఖర్చంతా ప్రభుత్వమే చూసుకుంటుందని అందులో రాశారు. చదివిన రోజే జవాబు రాయాల్సింది, ఇంటి పనులతో ఆలస్యమైంది. ఈలోగా అది వాట్సాప్‌లో ఊరూరా తిరిగింది. మా బంధువుల్లో ఒక పెద్దాయన దాన్ని నమ్మి గుంటూరులో ఉన్న ఇల్లు అమ్మకానికి పెట్టారు. ఇక ఊరుకోలేకపోతున్నాను.

మెడికేర్ అంటే ముఖ్యంగా అరవై అయిదు దాటినవారికి అమెరికా ప్రభుత్వం నడిపే ఆరోగ్య బీమా. అందులో పార్ట్ ఎ అంటే ఆసుపత్రి ఖర్చు, పార్ట్ బి అంటే డాక్టర్లు, పరీక్షలు. ఇక్కడ పదేళ్లు, అంటే నలభై త్రైమాసికాలు పనిచేసి జీతంలోంచి మెడికేర్ పన్ను కట్టినవారికీ, వారి జీవిత భాగస్వామికీ మాత్రమే పార్ట్ ఎ ప్రీమియం లేకుండా వస్తుంది. కొడుకు ఇరవై ఏళ్లు కట్టినా అది తల్లి లెక్కలోకి రాదు. పనిచేయకుండా గ్రీన్ కార్డు మీద వచ్చిన తల్లిదండ్రులైతే అయిదేళ్లు ఇక్కడే వరుసగా ఉండాలి. ఆ తర్వాత డబ్బు కట్టి కొనుక్కోవాలి. 2025లో పార్ట్ ఎ నెలకు 518 డాలర్లు, పార్ట్ బి 185 డాలర్లు. ఒక్కరికే నెలకు 703 డాలర్లు. భార్యాభర్తలిద్దరైతే 1,406. మీ కథనంలో ఈ సంఖ్యల్లో ఒక్కటైనా ఉందా?

ఇంత కట్టినా ఆసుపత్రిలో చేరితే ముందు 1,676 డాలర్లు మన జేబులోంచి ఇవ్వాలి. అది ఏడాదికి ఒకసారి ఇచ్చే డిడక్టబుల్ అని చాలామంది అనుకుంటారు. కాదు. ఇంటికి వచ్చి అరవై రోజులు గడిచాక మళ్లీ చేరాల్సి వస్తే మళ్లీ మొదటినుంచి కట్టాలి. గుండె జబ్బున్న మనిషి ఏడాదిలో రెండు మూడుసార్లు కట్టవచ్చు. అరవయ్యో రోజు దాటితే రోజుకు 419 డాలర్లు, తొంభై దాటితే రోజుకు 838. ఆ తొంభై తర్వాతి రోజులు కూడా జీవితం మొత్తానికి అరవయ్యే. పార్ట్ బి కింద ఏడాదికి 257 డాలర్లు పోగా, మిగిలిన బిల్లులో ఇరవై శాతం మనదే. ఆ ఇరవై శాతానికి పైహద్దు అంటూ లేదు. ఇవన్నీ 2025 లెక్కలు, ఏటా మారేవే.

ఇవైనా పుస్తకంలో ఉంటాయి, ఓపికుంటే చదువుకోవచ్చు. మా అత్తగారికి జరిగింది ఏ ప్రకటనలోనూ కనబడదు. ఆవిడ కళ్లు తిరిగి స్నానాలగదిలో పడిపోయారు. ఇక్కడి ఆసుపత్రికి తీసుకువెళ్లాం. పైఅంతస్తులో గది ఇచ్చారు, చేతికి పట్టీ కట్టారు, సెలైన్ పెట్టారు, రాత్రంతా గంటగంటకూ నర్సు వచ్చి బీపీ చూసింది. పక్క మంచం మీదున్న రోగికీ ఆవిడకూ తేడా ఏమీ లేదు. మర్నాడు ఒక ఉద్యోగి కాగితం తెచ్చి ఇది మామూలు కాగితమేనని చెప్పి సంతకం అడిగింది. ఆ సమయానికి మాలో ఎవరూ గదిలో లేరు. అత్తగారికి ఇంగ్లీషు రాదు. తెలుగులో సంతకం చేసి ఇచ్చారు. అనువాదకులను పిలవలేదు. ఆ కాగితంలో ఉన్నది ఏమిటంటే, ఆవిడ ఆసుపత్రిలో చేరిన రోగి కాదు, కేవలం ‘అబ్జర్వేషన్’లో ఉన్నారు, అంటే బయటి రోగి కిందే లెక్క అని.

మూడు రాత్రులకు పైగా ఆ మంచం మీదే ఉన్నారు. తర్వాత నడక కుదిరే దాకా నర్సింగ్ కేంద్రానికి పంపమని డాక్టరే చెప్పారు. అక్కడ మొదటి ఇరవై రోజులు మెడికేర్ పూర్తిగా భరించాలి. కానీ దానికి ముందు కనీసం మూడు రోజులు ఇన్‌పేషెంటుగా ఉండి తీరాలని షరతు. అబ్జర్వేషన్ రోజులు అందులో కలవవు. కాబట్టి మెడికేర్ ఒక్క డాలరు ఇవ్వలేదు. ఇలా మెడికేర్ ఇవ్వనిచోట మేము విడిగా కొన్న అనుబంధ బీమా కూడా ఇవ్వదు. రెండింటికీ నెలనెలా ప్రీమియం కడుతూనే, రోజుకు నాలుగు వందల డాలర్లు దాటిన బిల్లును మా వారు క్రెడిట్ కార్డు మీద కట్టారు. పైగా ఆవిడ ఇంట్లో రోజూ వేసుకునే బీపీ మాత్రకు కూడా ఆసుపత్రి విడిగా బిల్లు వేసింది, బయటి రోగి వేసుకునే మాత్రలు పార్ట్ బి కిందికి రావట.

ఈ మూడు రోజుల షరతు 1965లో మెడికేర్ చట్టం చేసిననాటిది. అప్పట్లో పెద్దవాళ్లు ఆసుపత్రిలో ఇప్పటికంటే చాలా ఎక్కువ రోజులు ఉండేవారు. కోవిడ్ కాలంలో ఈ షరతును పక్కన పెట్టారు, వ్యవస్థ ఏమీ కూలిపోలేదు. అయినా 2023 మేలో మళ్లీ తెచ్చిపెట్టారు. ముందు ఇన్‌పేషెంటుగా చేర్చుకుని తర్వాత అబ్జర్వేషన్‌కు మార్చిన వారికి కోర్టు తీర్పు పుణ్యమా అని 2025 ఫిబ్రవరి నుంచి అప్పీలు చేసుకునే హక్కు వచ్చింది. మొదటినుంచీ అబ్జర్వేషన్‌లోనే ఉంచిన మా అత్తగారి వంటివారికి ఆ దారి కూడా లేదు. వాషింగ్టన్‌లో కూర్చున్న పెద్దలకు ఇది తెలియదా? ఈ షరతును మార్చే చట్టం కోసం ఏళ్ల తరబడి సభలో బిల్లులు ప్రవేశపెడుతూనే ఉన్నారు, ఒక్కటీ గట్టెక్కడం లేదు. పన్ను తీసుకోవడంలో మాత్రం ఎక్కడా జాప్యం లేదు. గ్రీన్ కార్డు కోసం దశాబ్దాలుగా వరుసలో నిలబడ్డ మన పిల్లల జీతాల్లోంచి 1.45 శాతం మెడికేర్ పన్ను నెలనెలా పోతోంది. 2025 జులైలో వచ్చిన చట్టం ప్రకారం, ఎన్నేళ్లు కట్టినా, పౌరసత్వమో గ్రీన్ కార్డో వచ్చేదాకా హెచ్1బి వారికి మెడికేర్ లేదు. దీని మీద మీ పేజీలో నాలుగు వాక్యాలు కూడా నేను చూడలేదు.

ఇప్పుడు అసలు విషయం, మీరు ముందుగా రాయాల్సింది. పార్ట్ ఎ, బి మిగిల్చే ఖర్చులను మోసే అనుబంధ బీమాను మెడిగ్యాప్ అంటారు. అరవై అయిదు దాటి పార్ట్ బి మొదలైన నెల నుంచి ఆరు నెలలు మాత్రమే ఏ కంపెనీ అయినా ఆరోగ్యం గురించి అడగకుండా దాన్ని ఇచ్చి తీరాలి. ఆ గడువు దాటితే చాలా రాష్ట్రాల్లో షుగర్ ఉందా, స్టెంటు వేశారా అని అడుగుతారు, కాదు పొమ్మంటారు. మేముండే న్యూజెర్సీలో అంతే. హడ్సన్ నది దాటి న్యూయార్క్‌లో అడుగుపెడితే ఏడాది పొడవునా ఎప్పుడైనా ఇవ్వాల్సిందే. నదికి అటూ ఇటూ ఉన్న ఇద్దరు అక్కచెల్లెళ్లకు రెండు న్యాయాలు! పార్ట్ ఎ ఖరీదెక్కువని పార్ట్ బి ఒక్కటే తీసుకున్నవారికి మెడిగ్యాప్ అసలే అమ్మరు. మన తల్లిదండ్రుల్లో చాలామంది సరిగ్గా ఇక్కడే చిక్కుకుంటున్నారు.

ఏటా అక్టోబరు 15 నుంచి డిసెంబరు 7 దాకా టీవీ నిండా, తపాలా పెట్టె నిండా మెడికేర్ అడ్వాంటేజ్ ప్రకటనలే. ప్రభుత్వ మెడికేర్‌కు బదులు ప్రైవేటు బీమా కంపెనీలు నడిపే ప్లాన్లు ఇవి. మన పండుగ సభల్లోనూ ఏజెంట్లు బల్ల వేసుకుని కూర్చుంటున్నారు. సున్నా ప్రీమియం, పళ్లకు వైద్యం, కళ్లద్దాలు అని చెబుతారు. ఆ ప్లాన్లు కొందరికి నప్పుతాయి, ఏడాది ఖర్చుకు పైహద్దు ఉండటం వాటిలో మంచి విషయమే. కానీ చాలా ప్లాన్లలో వాటి జాబితాలో ఉన్న డాక్టర్ల దగ్గరికే వెళ్లాలని, పెద్ద వైద్యానికి ముందే అనుమతి కావాలని, అది ఉండగా మెడిగ్యాప్ పనికిరాదని, తర్వాత మారాలనుకుంటే ఆ ఆరు నెలల గడువు తిరిగి రాదని ఎంతమంది ఏజెంట్లు చెబుతున్నారు? కమిషన్ తీసుకోని సలహాదారులు ప్రతి రాష్ట్రంలోనూ ‘షిప్’ అనే ప్రభుత్వ కార్యక్రమం కింద ఉన్నారు, పైసా అడగరు. వారి సంగతి మీ కథనంలో లేదు. ఒక బీమా ఏజెంటు ఫొటో, ఫోను నంబరు మాత్రం ఉన్నాయి. వార్తకూ ప్రకటనకూ మధ్య గీత గీసే అలవాటు ఒకప్పుడు మీ పత్రికకు ఉండేది.

ఇంకొకటి. ఏడాదిలో సగం హైదరాబాదులోనో విజయవాడలోనో గడిపే పెద్దవాళ్లు ఎందరో ఉన్నారు. అక్కడ మెడికేర్ దాదాపు పనిచేయదు. మెడిగ్యాప్‌లో జి, ఎన్ వంటి కొన్ని ప్లాన్లు మాత్రం విదేశంలో అత్యవసర వైద్యానికి, ముందు 250 డాలర్లు మనం పెట్టుకున్నాక, ఎనభై శాతం ఇస్తాయి. అదీ ప్రయాణం మొదలైన తొలి అరవై రోజుల్లో వచ్చిన అవసరానికే, జీవితం మొత్తం మీద 50,000 డాలర్ల వరకే. సంక్రాంతికి వెళ్లి ఉగాది దాకా ఉండేవారు ఇది తెలుసుకునే బయలుదేరాలి.

ఆ కథనానికి సవరణ వేయండి. లోపలి పేజీలో మూల చిన్న అక్షరాల్లో కాదు, అదే పేజీలో, అదే పరిమాణంలో. పార్ట్ బి మొదలైన నాటి నుంచి ఆరు నెలల గడువు, ఆసుపత్రి మంచం పక్కన అడగాల్సిన ‘మా అమ్మ ఇన్‌పేషెంటా, అబ్జర్వేషనా?’ అన్న ప్రశ్న, ఈ రెండూ అందులో తప్పకుండా ఉండాలి. గుంటూరు పెద్దాయనకు ఆ పేజీని నేనే పంపిస్తాను.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
ఎడిసన్, న్యూజెర్సీ