ఎకో రిపోర్టులో ఆ ఒక్క అంకె రాయండి

సంపాదకుల వారికి,

పదిరోజుల కిందట మీ పేపర్లో గుండె స్కాన్ వార్త చదివినప్పటి నుంచి రాద్దామనుకుంటూనే ఉన్నాను. పుట్టుకతోనే, గుండె నుంచి ఒంటికంతటికీ నెత్తురు తీసుకెళ్లే పెద్ద నాళమైన బృహద్ధమని కవాటానికి మూడు రేకులుండాల్సిన చోట రెండే ఉన్నవాళ్లకి నెత్తురు వంకరగా చిమ్ముతుందనీ, అది ధమని గోడకు ఎక్కడ ఎంత ఒరుసుకుంటోందో ఎమ్మారైలో చూసి ముందు ముందు ధమని ఉబ్బుతుందేమో అంచనా వేయొచ్చనీ రాశారు. మంచిదే, రావాలి. కానీ మా కోనసీమ వాళ్లకి ముందు మామూలు ఎకో, అంటే గుండెకు తీసే అల్ట్రాసౌండ్ స్కాన్, సరిగ్గా తీస్తే చాలు.

మా తమ్ముడికి ఈ లోపమే. కొబ్బరి దింపుకు వెళ్లేవాడు, ఆయాసమని చూపిస్తే బయటపడింది. మొదటి రిపోర్టులో ధమని వెడల్పు 41 మిల్లీమీటర్లు. ఏడాది తర్వాత పని మానుకుని, రావులపాలెంలో బస్సు మారి రాజమండ్రి వెళ్లి, పొద్దుట్నుంచి సాయంత్రం దాకా కూర్చుంటే ఇచ్చిన కాగితంలో అంకే లేదు, ‘కొద్దిగా పెరిగింది’ అని ఒక్క ముక్క. ఎంత పెరిగిందయ్యా అంటే డాక్టరు గారిని అడగమన్నారు, ఆయనేమో అప్పటికే వెళ్లిపోయారు. మూడోసారి ఇంకోచోట తీయిస్తే 46 అన్నారు. మొదటిసారి కొలిచిన చోటే కొలిచారో లేదో రాయలేదు. పాత కాగితం తీసి చూపిద్దామంటే, ప్లాస్టిక్ కవర్లో దాచినా బొమ్మ వెలిసి తెల్లగా అయిపోయింది. 55 దాటితే ఆపరేషన్, కొందరికి 50కే అంటారు కదా, ఏడాదికి ఎంత పెరిగిందో తెలియకుండా ఎప్పుడు చేయాలో ఎలా తేలుస్తారు?

నూటికి ఒకరిద్దరికి ఉండే లోపం ఇది. తోబుట్టువులూ పిల్లలూ కూడా ఎకో తీయించుకోవాలని మాకు ఎవరూ చెప్పలేదు, నేనే చదివి తెలుసుకుని నాకూ తమ్ముడి కొడుక్కీ తీయించాను. మా ఊరి బడికి ఆరోగ్య పరీక్షలకని వచ్చినవాళ్లు పిల్లల ఎత్తూ బరువూ రాసుకుని వెళ్లిపోయారు, ఒక్కడి గుండె మీదా స్టెతస్కోపు పెట్టలేదు. ఏ ప్రభుత్వం వచ్చినా యంత్రం కొన్నామని ఫోటో వేయిస్తుంది, దాన్ని నడిపే మనిషిని మాత్రం వేయదు.

ధమని ఎన్ని మిల్లీమీటర్లుందో, ఎక్కడ కొలిచారో ప్రతి ఎకో రిపోర్టులో రాయాలని అధికారులు ఒక్క ఆర్డరు వేయలేరా? దీనికి కొత్త యంత్రం అక్కర్లేదు, డబ్బూ అక్కర్లేదు. వచ్చే నెల తమ్ముణ్ణి మళ్లీ తీసుకెళ్లాలి. ఈసారి ఆ అంకె రాయించుకునే దాకా అక్కణ్ణుంచి కదలను.

ఒక పాఠకుడు,
రాజోలు