బయోకెమిస్ట్రీకి మా బోరు నీళ్ళు చాలు

సంపాదకులు గారికి నమస్కారం.

నేను దర్శిలో ఓ చిన్న రక్తపరీక్షల ల్యాబులో పనిచేస్తాను, ఇరవై ఏళ్ళు దాటింది. ప్రతి ఏడూ మా దగ్గరికి ట్రైనింగుకి పిల్లలు వస్తారు, బయోకెమిస్ట్రీలో డెబ్బై ఎనభై మార్కులు తెచ్చుకున్నవాళ్ళే. మొన్నొక అమ్మాయిని గ్లైకాలసిస్ (కణం గ్లూకోజుని మెట్టు మెట్టుగా విరగ్గొట్టి శక్తి తీసుకునే పద్ధతి) గురించి అడిగితే పది మెట్లూ ఎక్కం అప్పజెప్పినట్టు గుక్క తిప్పుకోకుండా చెప్పింది. సంతోషం. సరే అమ్మా, రక్తం తీసి మామూలు ట్యూబులో పోసి బల్ల మీద పెట్టాం, మధ్యాహ్నానికి అందులో షుగర్ ఏమవుతుంది అన్నాను. "ఏమీ కాదు సార్, ఒంట్లోంచి బయటికొచ్చేసింది కదా" అంది.

ఆ అమ్మాయిని తప్పుపట్టను. పుస్తకంలో గ్లైకాలసిస్ ఒక బాణాల బొమ్మ, దానికీ ట్యూబులో రక్తానికీ చుట్టరికం ఉందని ఎవరూ చెప్పలేదు.

బయటికొచ్చినా రక్తకణాలు బతికే ఉంటాయి. ఎర్రకణాలకి మైటోకాండ్రియా (కణంలో ఆక్సిజన్ వాడి శక్తి తయారుచేసే పొయ్యి లాంటిది) ఉండదు కాబట్టి గ్లూకోజే వాటి కూడు, దాన్ని లాక్టేట్ దాకా విరగ్గొట్టి ఒక్కో గ్లూకోజుకి నికరంగా 2 ఏటీపీలు, అంటే కణం ఖర్చుపెట్టుకునే శక్తి నాణేలు, సంపాదించుకుంటాయి. (ఏటీపీని కండరంలో గుర్తించినవాళ్ళలో భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు గారు ఒకరని కూడా మా పిల్లలకి తెలీదు, అది వేరే బాధ.) అలా తింటూ ఉంటే మామూలు గది వేడిలో గంటకి 5 నుంచి 7 శాతం దాకా షుగర్ తగ్గుతుంది, మా ఎండల సంగతి చెప్పక్కర్లేదు. ఒకసారి పల్లెలో పొద్దున ఏడింటికి తీసిన శాంపిల్ మామూలు ట్యూబులో బస్సెక్కి మా దగ్గరికొచ్చేసరికి పన్నెండు, రీడింగు 104. ఆ పెద్దాయన సంబరపడ్డాడు. నాకు అనుమానమొచ్చి మర్నాడు పరగడుపున రమ్మని గ్రే మూత ట్యూబులో తీసి వెంటనే చేస్తే 141.

ఆ గ్రే ట్యూబు అడుగున ఉండే తెల్లపొడిలో అసలు సరుకు సోడియం ఫ్లోరైడ్. ఫ్లోరైడ్! దర్శి, పొదిలి, కనిగిరి పిల్లలకి ఈ మాట ఒకరు నేర్పాలా? మనుషుల్లో ఫ్లోరోసిస్ (ఫ్లోరైడ్ ఎక్కువై పళ్ళూ ఎముకలూ పాడయ్యే జబ్బు) ఉందని మన దేశంలో మొదట డాక్టర్లు రాసింది 1937లో, అదీ మా ఊళ్ళు చూసే. అప్పట్లో ఇదంతా నెల్లూరు జిల్లానే. గార పట్టినట్టుండే పళ్ళు, వంగిన నడుములు చూస్తూ పెరిగిన పిల్లకి, ట్యూబులో పొడీ బోరు నీళ్ళలో ఉన్నదీ ఒకటేనని చెప్పి చూడండి, కళ్ళు ఎంత పెద్దవవుతాయో.

ట్యూబులో అది చేసే పని ఇదీ. గ్లైకాలసిస్‌లో తొమ్మిదో మెట్టు నడిపే ఎన్‌జైమ్ ఈనొలేజ్, దానికి మెగ్నీషియం లేందే పని జరగదు, ఫ్లోరైడ్ అక్కడున్న ఫాస్పేటుతో కలిసి ఆ మెగ్నీషియాన్నే పట్టుకుని కూర్చుంటుంది. ఎన్‌జైమ్, కోఫాక్టర్, ఇన్‌హిబిటర్, అంటే పని నడిపేదీ, దానికి తోడుండేదీ, అడ్డుపడేదీ, ఫస్టియర్ పిల్లలు మూడు రోజులు బట్టీపట్టే మూడు మాటలూ ఒక్క ట్యూబులో ఉన్నాయి. ఇంకోటి. అడ్డం పడింది తొమ్మిదో మెట్టు దగ్గర కాబట్టి షుగర్ తగ్గడం ఆ క్షణానే ఆగదు, రైల్వే గేటు పడ్డాక కూడా వెనక నుంచి బళ్ళు వచ్చి చేరుతూనే ఉన్నట్టు మొదటి గంటా రెండు గంటలూ కొంత తగ్గుతూనే ఉంటుంది. గ్రే ట్యూబులో పోశాం కదా అని శాంపిల్‌ని ఎండలో వదిలేసేవాళ్ళు ఇది చదివితే బాగుణ్ణు.

ఎముకల్లో కథ వేరు. ఎముక గట్టిదనం కాల్షియం, ఫాస్పేట్, హైడ్రాక్సిల్ కలిసిన ఖనిజం వల్ల. ఫ్లోరైడుదీ హైడ్రాక్సిల్‌దీ దగ్గర దగ్గర ఒకే సైజు, ఒకే చార్జి, దాంతో ఇది దాని చోట్లో దూరిపోతుంది. తాగే నీళ్ళలో లీటరుకి 1 మిల్లీగ్రాము, వేరే దారి లేకపోతే 1.5 దాకా అని మన దేశ ప్రమాణం. కాచి తాగితే పోతుందని ఇప్పటికీ అంటారు మావైపు. పోదు, నీరు ఆవిరై మిగిలినదాంట్లో ఇంకా చిక్కబడుతుంది.

నెల్లూరు వైపు లెక్చరర్లకైతే పచ్చి రొయ్య చాలు. బూడిద రంగు రొయ్య పెనం మీద ఎర్రబడేది ఎందుకు? వేడికి ప్రోటీన్ మడతలు విడిపోయి, అది పట్టి ఉంచిన ఎర్ర రంగు బయటపడుతుంది. డీనేచురేషన్ అంటే అదే, దానికి నిర్వచనం రాయించి మార్కులు వేయడం తర్వాతి సంగతి.

మీ విద్య పేజీలో ఎంట్రన్సు బిట్లు రోజూ వేస్తున్నారు, వారానికి ఒక్క రోజు ఇలాంటివి తెలుగులో వేయించండి, రాసేవాళ్ళు లేకపోతే నేను రాస్తాను.

అన్నట్టు ఆ అమ్మాయి నిన్న గ్రే ట్యూబులో మిగిలిన రక్తం చూపించి, "ఇందులోనే సోడియం, పొటాషియం కూడా చేసేద్దామా సార్" అని అడిగింది, నేను నోరు తెరిచేలోపే లేబుల్ తిప్పి సోడియం ఫ్లోరైడ్, పొటాషియం ఆక్సలేట్ అని చదువుకుని, "వద్దులెండి, రెండూ తప్పే వస్తాయి" అని ఇంకో ట్యూబు తీసుకుంది.

— ఒక ల్యాబ్ టెక్నీషియన్, దర్శి, ప్రకాశం జిల్లా