జియోలైట్ ఉన్న ఫిల్టర్‌కు ఉప్పు ప్యాకెట్ జత చేసిన సెట్టుపై ఫిర్యాదు

కస్టమర్ కేర్ మేనేజర్ గారికి,

విషయం: మీ 60 లీటర్ల గోల్డ్‌ఫిష్ సెట్టు మాన్యువల్‌లో తప్పు సూచన, దానివల్ల పెరిగిన అమ్మోనియా

అయ్యా,

చేపలు నీరసంగా ఉంటే సెట్టుతో ఇచ్చిన 180 గ్రాముల ఉప్పూ ట్యాంకులో వేయమని మీ మాన్యువల్ మూడో పేజీలో ఉంది. ముందుగా ఫిల్టర్‌లోని జియోలైట్ (నీళ్లలోని అమ్మోనియాను పట్టే ఖనిజం) సంచి తీసేయాలని మాత్రం ఎక్కడా రాయలేదు. చెప్పినట్టే వేశాం. 0.25 పీపీఎం (లీటరుకు మిల్లీగ్రాములు) ఉన్న అమ్మోనియా మర్నాటికి 2కి చేరింది. టెస్ట్ కిట్ గొట్టంలో నీళ్లు ముదురు ఆకుపచ్చకు తిరిగాయి, చేపలు పైకొచ్చి గుటకలు వేశాయి.

మేత ఎక్కువైందని మీ కస్టమర్ కేర్ జవాబు. ట్యాంకులో రోజుకు పడేది ఒక గ్రాము మేత. అందులో 40 శాతం ప్రొటీన్ అనుకున్నా, మొత్తం కుళ్లినా వచ్చే అమ్మోనియా 78 మిల్లీగ్రాములు దాటదు. 60 లీటర్లలో 1.75 పీపీఎం పెరగాలంటే 105 కావాలి. బోరు నీళ్లను విడిగా పరీక్షిస్తే సున్నా.

మిగిలింది మీ సంచే. జియోలైట్ అమ్మోనియాను నాశనం చేయదు, పట్టి ఉంచుతుంది అంతే. ఉప్పులోని సోడియం నీళ్లలో పెరిగితే దాన్ని తీసుకుని అమ్మోనియాను వదిలేస్తుంది. వాడిన సంచిని 5 లీటర్ల బోరు నీళ్ల బకెట్లో వేసి చూశాం: సున్నా. ట్యాంకులో పడిన మోతాదు లెక్కనే 15 గ్రాముల ఉప్పు కలిపాక గంటకల్లా రంగు మారింది. బకెట్లో చేపా లేదు, మేతా లేదు. అసలు మీ మాన్యువల్ నాలుగో పేజీలోనే సంచిని ఉప్పు నీళ్లలో రాత్రంతా నానబెడితే మళ్లీ పనికొస్తుందని ఉంది కదా! అప్పుడు వదిలే అమ్మోనియా ఎక్కడికి పోతుందనుకున్నారు?

మా నీళ్ల పీహెచ్ 8, వేడి 28 డిగ్రీలు. పీహెచ్, వేడి పెరిగేకొద్దీ అమ్మోనియాలో విషపు భాగం పెరుగుతుంది. ఆ లెక్కన 2 పీపీఎంలో 6.5 శాతం, అంటే 0.13 పీపీఎం, చేపలకు నేరుగా విషమే. ఈ విషపు భాగాన్ని 0.02 దాటనివ్వకూడదని పెంపకందార్ల లెక్క. అదే పీహెచ్ 7 అయితే 0.014 దగ్గరే ఆగేది. సంచి తీసేసి, సగం నీళ్లు అదే వేడిలో ఉన్నవి మార్చి, మేత ఆపాక గానీ చేపలు కిందికి దిగలేదు.

ఉప్పును తప్పుపట్టడం లేదు. నైట్రైట్ (అమ్మోనియా నుంచి బ్యాక్టీరియా తయారుచేసే మరో విషం) పెరిగినప్పుడు ఉప్పులోని క్లోరైడ్ దాన్ని మొప్పల గుండా చేప ఒంట్లోకి పోనివ్వకుండా అడ్డుకుంటుంది. ఉప్పు అమ్మోనియాను తగ్గిస్తుందని మీ మాన్యువల్‌లో ఉన్నది మాత్రం తప్పు.

కాబట్టి ఉప్పు ప్యాకెట్ మీద, సంచి మీద "రెండూ కలిపి వాడరాదు" అని తెలుగులో అచ్చు వేయండి. మూడో పేజీ సవరించి, ఇప్పటికే కొన్నవారికి పంపండి. సంచి బదులు మేలు చేసే బ్యాక్టీరియా పెరిగే సిరామిక్ రింగులు ఇవ్వండి, లేదా సెట్టు వెనక్కి తీసుకుని డబ్బు తిరిగివ్వండి. సరైన వాడకం సూచనలు, హెచ్చరికలు ఇవ్వకపోతే తయారీదారు బాధ్యుడని 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో ఉంది. 15 రోజుల్లో రాతపూర్వకంగా జవాబు రాకపోతే 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయిస్తాం. రెండు పేజీల ఫొటోలు, బకెట్ పరీక్ష ఫొటోలు, బిల్లు కాపీ జతచేశాం.

ఇట్లు,
మీ వినియోగదారు, విజయవాడ