డిస్నీ భోజన పథకం లెక్క మన ఇంటి కంచానికి సరిపోదు

సంపాదకులకు,

వేసవి వచ్చిందంటే అమెరికాలో పిల్లల దగ్గరకు వెళ్లే తల్లిదండ్రులు, వాళ్లందరినీ తీసుకుని ఫ్లోరిడాలోని వాల్ట్ డిస్నీ వరల్డ్‌కు బయల్దేరే తెలుగు కుటుంబాలు ఎక్కువవుతాయి. గది, టికెట్లు కొనేటప్పుడే 'డైనింగ్ ప్లాన్' కూడా కలుపుకోమంటారు. ముందే డబ్బు కట్టేస్తే లోపల తిండి ఖర్చు గురించి ఆలోచించక్కర్లేదని, పైగా ఆదా అని చెబుతారు. మొదటిది చాలావరకు నిజం. రెండోది మాత్రం ఎవరు, ఏమి, ఎంత తింటారన్న దాన్ని బట్టి మారుతుంది. మన కుటుంబాల తిండి అలవాట్లకు చాలాసార్లు ఆదా కాదు, నష్టం. ఆ లెక్క పాఠకుల ముందు పెట్టాలనే ఈ ఉత్తరం.

కరోనా వల్ల 2020లో ఆపేసిన ఈ పథకాన్ని 2024 జనవరి 9న మళ్లీ మొదలుపెట్టారు. ఇందులో రెండు రకాలున్నాయి. క్విక్ సర్వీస్ ప్లాన్‌లో మనిషికి ఒక్కో రాత్రి లెక్కన కౌంటర్ దగ్గర తెచ్చుకునే భోజనాలు రెండు, చిరుతిండి ఒకటి వస్తాయి. రెండోదాంట్లో కౌంటర్ భోజనం ఒకటి, కూర్చుంటే వడ్డించే భోజనం ఒకటి, చిరుతిండి ఒకటి. రెండింటిలోనూ హోటల్లో ఎన్నిసార్లయినా నింపుకునే మగ్గు ఇస్తారు. 2024లో మొదటిదాని ధర పెద్దవాళ్లకు రాత్రికి 57.01 డాలర్లు, మూడు నుంచి తొమ్మిదేళ్ల పిల్లలకు 23.83. రెండోది పెద్దవాళ్లకు 94.28, పిల్లలకు 29.69. పన్ను ఇందులోనే ఉంది, టిప్పు లేదు. ధరలు ఏటా మారుతుంటాయి కాబట్టి కొనే రోజు ధర చూసుకోవాలి. లెక్క వేసే పద్ధతి మాత్రం మారదు.

అసలు ఈ పథకం అందరికీ దొరకదు. డిస్నీ సొంత హోటల్లో ప్యాకేజీ కింద దిగినవాళ్లే కొనగలరు. బయట వంటగది ఉన్న ఇల్లు అద్దెకు తీసుకునేవాళ్లు, బంధువుల ఇంటి నుంచి వచ్చిపోయేవాళ్లు దీని గురించి తల బద్దలుకొట్టుకోనక్కర్లేదు. కొంటే మాత్రం ఆ గదిలో ఉన్న మూడేళ్లు నిండిన ప్రతి ఒక్కరికీ అదే ప్లాన్ కొనాలి. బాగా తినే కొడుక్కి కొని, పూటకు రెండు ముద్దలు తినే నాయనమ్మకు మానేస్తామంటే కుదరదు. మన నష్టం ముఖ్యంగా ఈ నిబంధన దగ్గరే మొదలవుతుంది.

2024 ధరతో క్విక్ సర్వీస్ ప్లాన్‌నే తీసుకుందాం. కౌంటర్ దగ్గర ఒక ప్లేటు సుమారు 14 డాలర్లు, కూల్‌డ్రింక్ 5 డాలర్లు అనుకుంటే పూటకు 19, రెండు పూటలకు 38. చిరుతిండికి 6 కలిపితే 44. పార్కులుండే ఆరెంజ్ కౌంటీలో అమ్మకపు పన్ను 6.5 శాతం, అది వేస్తే 46.86. మగ్గు విడిగా కొంటే సుమారు 22 డాలర్లు, నాలుగు రాత్రులు ఉంటే రాత్రికి 5.50 పడుతుంది. మొత్తం 52.36. కట్టింది 57.01. అంటే ఇచ్చినవన్నీ ఒక్కటి వదలకుండా తిని తాగినా రాత్రికి నాలుగున్నర డాలర్ల పైన పోతోంది.

మరి లాభం వచ్చేవాళ్లు ఎవరు? 21 ఏళ్లు నిండినవాళ్లు భోజనంతోపాటు కూల్‌డ్రింక్ బదులు బీరో, వైనో తీసుకోవచ్చు. 5 డాలర్ల పానీయం స్థానంలో 11 డాలర్ల బీరు రెండు పూటలా పెట్టి చూడండి. మొత్తం 65 డాలర్లు దాటుతుంది, రాత్రికి 8 డాలర్ల లాభం. అంటే ఈ పథకం గిట్టుబాటయ్యేది రెండు పూటలా మద్యం తీసుకుని, మెనూలో ఖరీదైన మాంసాహారం ఎంచుకునే మనిషికి. మంచినీళ్లతో సరిపెట్టుకునే మనిషి కూడా కట్టేది అదే ధర.

అమ్మానాన్నల లెక్క చూడండి. పానీయం వద్దు, మంచినీళ్లు చాలు అంటారు. కౌంటర్ రెస్టారెంట్లలో అడిగితే గ్లాసుడు ఐసు నీళ్లు ఉచితంగానే ఇస్తారు. రెండు ప్లేట్లకు 28, చిరుతిండికి 6, పన్నుతో కలిపి 36.21. కట్టిన 57.01లో 20.80 డాలర్లు వృథా. ఇద్దరికి ఐదు రాత్రులకు 208 డాలర్లు. వాళ్లు మగ్గు పట్టుకెళ్లి పొద్దున్నే కాఫీ తెచ్చుకుంటే కొంత తగ్గుతుంది, అంతే. ఆ మగ్గు హోటల్ గొట్టాల దగ్గరే నిండుతుంది, పార్కు లోపల పనికిరాదు. ఇక అక్కడి ప్లేటు పెద్దది కావడంతో పెద్దవాళ్లిద్దరూ ఒకటే తీసుకుని పంచుకోవడం మామూలు. డబ్బు పెట్టి కొంటే పంచుకున్నప్పుడల్లా ఒక ప్లేటు ఖర్చు మిగులుతుంది. ప్లాన్‌లో మిగిలేది క్రెడిట్, అంటే ఒక భోజనానికో చిరుతిండికో చెల్లే హక్కు, అదీ గది ఖాళీ చేసే రోజు అర్ధరాత్రికి చెల్లకుండా పోతుంది. చివరి సాయంత్రం మిఠాయి పొట్లాలు కొని ఆ క్రెడిట్లు వదిలించుకునేవాళ్లు తక్కువేమీ కాదు.

శాకాహారులకు ఇంకో ఇబ్బంది. పథకం విలువ ప్రధాన వంటకం ధర మీద ఆధారపడుతుంది. స్టేకు తీసుకున్నా, కూరగాయల గిన్నె తీసుకున్నా పోయేది ఒకటే క్రెడిట్. శాకాహార వంటకం సాధారణంగా చవక కాబట్టి ఆ తేడా మనకు మిగలదు. మెనూలో ఆకు గుర్తు ఉన్నవి మాంసం, పాలు, గుడ్డు, తేనె లేనివి. గుడ్డు కూడా తిననివాళ్లకు ఆ గుర్తు నమ్మకమైన దారి. అది లేనివాటిలోనూ చీజ్, పాలతో చేసిన శాకాహార వంటకాలుంటాయి, అడిగి తెలుసుకోవాలి. యానిమల్ కింగ్‌డమ్ లాడ్జ్ అనే డిస్నీ హోటల్లోని 'సనా' రెస్టారెంట్లో నాన్, పచ్చళ్ల రుచులు దొరుకుతాయని మనవాళ్లు వెతుక్కుంటూ వెళతారు. భోజనానికి ముందు తెప్పించుకునే పదార్థాలు పథకం కిందకు రావు. కాబట్టి ఏది ప్రధాన వంటకం కింద లెక్కకు వస్తుందో ముందే అడగండి.

పదేళ్లు నిండిన పిల్లల విషయంలో చాలామంది దెబ్బతింటున్నారు. డిస్నీకి పదో ఏడు నుంచే పెద్దవాళ్లు. 2024 ధరల్లో పదకొండేళ్ల అమ్మాయికి 23.83 కాదు, 57.01 కట్టాలి. ఆ పిల్లకు మద్యం ఇవ్వరు, పెద్ద ప్లేటు పూర్తిగా తినలేదు. డబ్బు ఇచ్చి కొంటే కౌంటర్ దగ్గర పిల్లల భోజనమే 8, 9 డాలర్లలో పానీయంతో సహా వస్తుంది. తొమ్మిదేళ్ల లోపు వాళ్ల సంగతి వేరు. పిల్లల భోజనాలు రెండు, చిరుతిండి, పన్ను కలిపితే 25 డాలర్లకు అటూఇటూ అవుతుంది, కట్టేది 23.83. ఇక్కడ ప్లాన్ నిజంగానే లాభం. 2026 రాకలకు పెద్దవాళ్లు ప్లాన్ కొంటే మూడు నుంచి తొమ్మిదేళ్ల పిల్లలకు ఉచితం అని కూడా డిస్నీ ప్రకటించింది. కానీ అది రాయితీ లేని పూర్తి ధర ప్యాకేజీకే. గది మీద వచ్చే తగ్గింపు వదులుకుని ఉచిత భోజనం తీసుకోవాలా, భోజనానికి డబ్బు పెట్టి గది తగ్గింపు తీసుకోవాలా అన్నది రెండు బిల్లులూ పక్కపక్కన పెట్టి చూస్తే తప్ప తేలదు. చిన్నపిల్లలు ముగ్గురు, పెద్దలిద్దరే ఉన్న ఇంటికి ఉచితమే గెలవొచ్చు. తాతయ్య, నాయనమ్మ, పన్నెండేళ్ల అబ్బాయి తోడైతే గెలవదు.

ఇక 94.28 డాలర్ల ప్లాన్. వడ్డించే రెస్టారెంట్లో ప్రధాన వంటకం 28, పానీయం 5, తీపి 10, పన్నుతో 45.80. కౌంటర్ భోజనం పన్నుతో 20.24, చిరుతిండి 6.39, మగ్గు 5.50. కలిపితే 78 డాలర్లే. ఇది దండగ. అయితే మిక్కీ, మిన్నీ వేషాల్లో వచ్చి పలకరించే 'షెఫ్ మిక్కీస్' లాంటి బఫేకు కూడా ఒకటే క్రెడిట్ పోతుంది. అక్కడ రాత్రి భోజనం పెద్దవాళ్లకు సుమారు 70 డాలర్లు. ఆ రోజు లెక్క 106 దాటి లాభంలోకి వస్తుంది. సిండరెల్లా కోటలోని రెస్టారెంట్‌కు మాత్రం రెండు క్రెడిట్లు తీసుకుంటారు. కాబట్టి ప్రతి రాత్రీ పాత్రల బఫేకు వెళ్లాలని ముందే నిర్ణయించుకున్న ఇంటికే ఈ ప్లాన్. ఆ బల్లలు 60 రోజుల ముందు బుకింగ్ తెరవగానే అయిపోతాయి. బల్లలు దొరక్కముందే ప్లాన్ కొనడం పొరపాటు. చివరి నిమిషంలో రద్దు చేసినా, వెళ్లకపోయినా చాలా చోట్ల మనిషికి 10 డాలర్లు కోస్తారు. పైగా టిప్పు మీ చేతినుంచే. ఆరుగురు, అంతకన్నా ఎక్కువ మంది కూర్చుంటే 18 శాతం బిల్లులోనే వేస్తారు. తాతలు, మనవలు కలిసి వెళ్లే మన కుటుంబాలు సరిగ్గా ఆ సంఖ్య దగ్గరే ఉంటాయి. ప్లాన్ లేకపోతే ఆ రెస్టారెంట్‌కు వెళ్లే ఆలోచనే లేనివాళ్లకు ఆ టిప్పు, ఆ గంటన్నర సమయం రెండూ అదనపు ఖర్చే.

ఎలాగూ కొన్నవాళ్లు కొన్ని జాగ్రత్తలు పాటిస్తే నష్టం తగ్గుతుంది. క్రెడిట్లు రాత్రుల లెక్కన వస్తాయి. నాలుగు రాత్రులకు నాలుగు జతలే, తినాల్సిన రోజులు ఐదు. ఉదయం వంటకాలు చవక కాబట్టి కౌంటర్ క్రెడిట్‌ను టిఫినుకు ఖర్చు చేయకూడదు, మధ్యాహ్నానికీ రాత్రికీ ఉంచుకోవాలి. చిరుతిండి క్రెడిట్‌తో నీళ్ల సీసా కొనకూడదు, 6 డాలర్లు పైబడిన ఐస్‌క్రీమ్ లాంటిదానికి వాడాలి. డిస్నీ వరల్డ్ పార్కుల్లో ఒకటైన ఎప్‌కాట్‌లో ఉత్సవాల రోజుల్లో చిన్న దుకాణాల దగ్గర ఆ క్రెడిట్‌కు మంచి విలువ వస్తుంది. చవకైన వస్తువుకు డబ్బు, ఖరీదైనదానికి క్రెడిట్. ప్రతి రాత్రి మిగిలిన క్రెడిట్లు ఎన్నో యాప్‌లో చూసుకోవాలి.

అన్నిటికన్నా మనకు పనికొచ్చే విషయం ప్రకటనల్లో కనిపించదు. డిస్నీ వరల్డ్ పార్కుల్లోకి ఇంటి తిండి తీసుకెళ్లొచ్చు. వేడి చేయనక్కర్లేనిది అయి ఉండాలి, గాజు సీసాలు ఉండకూడదు, పెట్టె 24 అంగుళాల పొడవు, 15 వెడల్పు, 18 ఎత్తు మించకూడదు. విడి ఐసు, డ్రై ఐసు వద్దంటారు. గట్టిగా గడ్డకట్టే జెల్ ప్యాకులు పెట్టుకోవాలి. పచ్చడి ప్లాస్టిక్ డబ్బాలోకి మార్చుకుని, తనిఖీ దగ్గర చూపించేలా పైన పెట్టుకుంటే త్వరగా పంపేస్తారు. ఫ్లోరిడా వేసవిలో 90 డిగ్రీల ఫారన్‌హీట్ దాటితే చల్లగా ఉంచని వండిన అన్నం గంటకు మించి బయట ఉండకూడదన్నది అక్కడి ఆహార భద్రతా నియమం. దద్దోజనానికి, చింతపండు పులిహోరకు కూడా అదే వర్తిస్తుంది కాబట్టి ఏదైనా జెల్ ప్యాకుల మధ్యే ఉంచి, మధ్యాహ్నం లోపు తినేయాలి. చపాతీలు, జంతికలు, పండ్లు రోజంతా ఉంటాయి. పొద్దున ఇంటి తిండి, మధ్యాహ్నం పులిహోర, రాత్రి ఒక్క పూట కౌంటర్ దగ్గర అనుకుంటే పెద్దమనిషికి రోజుకు 20 డాలర్లలో గడిచిపోతుంది.

మన దగ్గరి పార్కుల్లో పరిస్థితి వేరు. హైదరాబాద్ శివార్లలోని రావిర్యాల వండర్‌లాలో బయటి తిండి అనుమతించరు. కాబట్టి టికెట్‌తోపాటు భోజనం కలిపి కొనడం కొన్నిసార్లు మంచిదే. కొనేముందు ఆ కూపన్ ఏ రెస్టారెంట్లో చెల్లుతుందో, ఏ వేళల్లో చెల్లుతుందో, మంచినీళ్లు అందులో ఉన్నాయో లేదో, చూపిన ధరలో జీఎస్టీ ఉందో లేదో చూడాలి. అక్కడ పిల్లల టికెట్‌కు వయసు కాదు, ఎత్తు కొలమానం. భోజనానికి కూడా అదే కొలమానమా అన్నది అడిగి తేల్చుకోవాలి. ఒంటిగంటకు అందరూ ఒకే కౌంటర్ మీద పడతారు, పన్నెండింటికే వెళితే వరస తక్కువ.

సంపాదకులకు నాదొక విన్నపం. వేసవి ప్రయాణాల పేజీల్లో అమెరికా పార్కుల ప్యాకేజీల వివరాలు ఇచ్చేటప్పుడు 'భోజనంతో సహా' అని ఒక్క మాటతో వదిలేయకుండా, భోజన పథకం ధరను గది, టికెట్ల నుంచి విడదీసి, మనిషికి రాత్రికి ఎంతో, టిప్పు ఉందో లేదో, పదేళ్ల పిల్లలకు ఏ ధరో ప్రచురించండి. ట్రావెల్ ఏజెంట్లు కూడా బిల్లులో దీన్ని వేరే పద్దుగా చూపించాలి. అలా చూపిస్తే శాకాహారులు, మద్యం ముట్టనివాళ్లు, వృద్ధులు ఉన్న ఇంట్లో కాగితం, కలం పట్టుకుని పది నిమిషాల్లో తేల్చుకోగలరు.

ఇట్లు,
మీ పాఠకుడు,
విజయవాడ