స్టాండ్‌బై విమానానికి సంతకం పెట్టిందెవరు? రక్షణ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన రక్షణ శాఖ మంత్రి గారికి నమస్కరించి రాయునది.

ఇది నా ఏడో ఉత్తరం. మొదటి ఆరూ మీ టేబుల్ దాకా వచ్చాయని నేను అనుకోవడం లేదు. వచ్చి ఉంటే ఇన్నాళ్లకు ఒక్క ముక్కయినా రాసేవారు. అందుకే ఈసారి కవరు అంటించకుండా, దారినపోయేవాళ్లు కూడా చదివేలా రాస్తున్నాను. తప్పయితే క్షమించండి. తప్పు కాదని నాకు బాగానే తెలుసు.

విషయం భారత వైమానిక దళం 1వ స్క్వాడ్రన్‌ది, అదే టైగర్స్‌ది. పాకిస్తాన్‌తో యుద్ధం, 1965 సెప్టెంబరు 7, తెల్లవారుజాము, పంజాబ్‌లోని ఆదంపూర్ వైమానిక స్థావరం. పాత యుద్ధాల రికార్డులను ఎప్పుడు విడుదల చేయాలో చెబుతూ 2021 జూన్‌లో మీ శాఖ ప్రకటించిన విధానం గురించి మీకు నేను చెప్పేదేముంటుంది? ఆ కాగితం ప్రింటు తీసి నా దగ్గరా ఒకటి పెట్టుకున్నాను. ఎన్నిసార్లు తీసి చదివానో, మడతల దగ్గర చిరిగితే టేపు వేశాను.

మా నాన్న అప్పుడు ఆ స్క్వాడ్రన్‌లో ఎల్ఏసీ, అంటే లీడింగ్ ఎయిర్‌క్రాఫ్ట్‌మన్. విమానం బాడీ పని చూసే ఎయిర్‌ఫ్రేమ్ ఫిట్టర్. ఇప్పుడాయనకు ఎనభై నాలుగేళ్లు. ఆ రాత్రి ఆయనకు పడిన డ్యూటీ అవసరమైతే పంపడానికి స్టాండ్‌బైగా ఉంచిన మిస్టేర్ యుద్ధ విమానం మీద. లైట్లు ఆర్పేసిన టార్మాక్ మీద టార్చి గుడ్డలో చుట్టుకుని తనిఖీ చేశారు, విమానం తనిఖీ రాసే ఫారం 700లో సంతకం పెట్టారు, పైలట్‌కు బెల్టులు బిగించారు, చక్రాలకు అడ్డంగా పెట్టే చాక్స్ లాగి పక్కకు తప్పుకున్నారు. ఆ పైలట్ ఎవరో ఆయనకు తెలీదు. ఎవరో కొత్త ఆఫీసరు. హెల్మెట్ పెట్టుకుని ఆక్సిజన్ మాస్క్ తగిలించుకున్నాక చీకట్లో ఏ ముఖమైనా ఒకటే కదా. బెల్టు బిగిస్తుంటే ఆ పైలట్ నాన్న భుజం తట్టారట. అంతే జ్ఞాపకం.

పాకిస్తాన్‌లోని సర్గోధ వైమానిక స్థావరం మీద దాడికి వెళ్లినవి వెళ్లాయి, వచ్చినవి వచ్చాయి. ఒకటి రాలేదు. అది స్క్వాడ్రన్ లీడర్ అజ్జమాడ బొప్పయ్య దేవయ్య గారిది. కొడగు మనిషి. ట్రైనింగ్‌లో కుర్రాళ్లకు ఎగరడం నేర్పుతుంటే యుద్ధం వచ్చిందని స్క్వాడ్రన్‌కు పంపారు. ఆయన కూడా స్టాండ్‌బైలోనే ఉన్నారు. ముందు వెళ్లాల్సిన వాటిలో ఒకటి తగ్గితే ఆ చోటు తీసుకుని దండు చివర కలిశారు. మా నాన్న చాక్స్ లాగింది ఆ విమానానికేనా, లేక స్టాండ్‌బైలోనే మరోదానికా? అరవై ఏళ్లుగా మా ఇంట్లో తేలని ప్రశ్న ఇదొక్కటే. స్క్వాడ్రన్ రికార్డుల్లో ఆ రోజు పేజీ ఒక్కటి చూపిస్తే తేలిపోతుంది. విమానం తోక మీది టెయిల్ నంబరు, పైలట్ పేరు, సంతకం. నాన్నకు టెయిల్ నంబరు ఇప్పటికీ గుర్తుంది. దాన్ని ఇక్కడ రాయను, మీ రికార్డుతో పోల్చుకోవడానికి దాచుకున్నాను. నమ్మకం లేక కాదు, ఆరు ఉత్తరాల అనుభవం.

ఇక ఆ ఆరింటి కథ వినండి.

మొదటిదానికి జవాబు మూడు నెలలకు వచ్చింది. 'మీ విన్నపాన్ని సంబంధిత విభాగానికి పంపడమైనది.' సంతోషించాను. ఆ ఉత్తరాన్ని నాన్నకు చదివి వినిపిస్తే, 'వెతుకుతున్నారన్నమాట' అని అద్దాలు తుడుచుకున్నారు. రెండోది ఆ సంబంధిత విభాగానికే నేరుగా రాశాను. అది వాళ్ల పరిధిలోకి రాదని, ఫలానా కార్యాలయానికి రాసుకోమని చెప్పారు. ఆ ఫలానా కార్యాలయం ఏదో ఇక్కడ పేరు పెట్టి రాయను, ఎందుకంటే వాళ్లు నన్ను మళ్లీ మొదటి చోటికే పంపారు. మూడోది సమాచార హక్కు కింద. పది రూపాయల పోస్టల్ ఆర్డరు జత చేశాను. 'అడిగిన రికార్డు గుర్తించడం సాధ్యపడలేదు' అన్నారు. లేదా? ఉండి దొరకలేదా? నాలుగోదిగా అప్పీలు వేశాను. దేశ భద్రత దృష్ట్యా ఇవ్వలేమన్నారు. అయ్యా, నాకు అర్థం కానిది ఇదే. దొరకని కాగితంలో దేశ భద్రతకు భంగం కలిగించేది ఉందని ఎలా తెలిసింది? అయిదోది ఫిర్యాదుల పోర్టల్‌లో పెట్టాను. పదకొండో రోజుకే 'పరిష్కరించడమైనది' అని మెసేజ్ వచ్చింది. పరిష్కారం ఏమిటో మాత్రం అందులో లేదు. ఆరోదానికి ఇంతవరకూ ఉలుకూ పలుకూ లేదు. రిజిస్టర్డ్ పోస్టు రసీదు ఉంది, కావాలంటే పంపుతాను.

మిస్టేర్ విమానం ఇప్పుడు మ్యూజియంలో ఉంది. ఆ దాడికి వెళ్లిన దారి, వేసిన బాంబులు, తగిలినవి, తప్పినవి అన్నీ పుస్తకాల్లోకి ఎక్కి దశాబ్దాలైంది. మీ శాఖ చరిత్ర విభాగమే 1965 యుద్ధ చరిత్ర రాసి 1992లో ముగించింది. దాన్ని బయటపెట్టకుండా ఉంచితే 2000లో ఒక పత్రిక ఇంటర్నెట్‌లో పెట్టేసింది. ఊరంతా చదివేసిన ఉత్తరాన్ని ఇంట్లోవాళ్లకు చూపించం అన్నట్టుంది మీ పద్ధతి.

దేవయ్య గారి సంగతే చూడండి. ఆరోజు ఆయన ఏమయ్యారో మనవాళ్లకు తెలీదు. తిరిగి రాలేదు, గల్లంతు, అంతే. దాదాపు రెట్టింపు వేగంతో పోయే పాకిస్తాన్ యుద్ధ విమానం స్టార్‌ఫైటర్ వెంటపడితే, పోయి రావడానికే ఇంధనం బొటాబొటిగా ఉన్న మిస్టేర్‌ను వెనక్కి తిప్పి ఎదురు నిలబడ్డారనీ, దెబ్బతిన్నాక కూడా దాన్ని కూల్చారనీ, అవతలి పైలట్ పారాచూట్‌తో దూకి బతికాడనీ మనకు చెప్పింది ఎవరు? పాకిస్తాన్ వైపు నుంచి సమాచారం తీసుకుని ఒక విదేశీ రచయిత 1979లో వేసిన పుస్తకం. అంటే మన ఇంట్లో మనిషి ఎలా పోయాడో పక్కింటివాళ్లు చెబితే తెలుసుకున్నాం. మహావీర చక్ర ఇచ్చింది 1988లో. ఇరవై మూడేళ్లకు. ఆయన భార్య వచ్చి అందుకున్నారు.

ఇక్కడ నన్ను ఎక్కువగా పొడిచేది ఒకటుంది. 1965లో వైమానిక దళాధిపతి అర్జన్ సింగ్ గారు. ఆయన ఎవరు? 1944లో ఇంఫాల్‌లో ఇదే 1వ స్క్వాడ్రన్‌ను నడిపించిన మనిషి. మౌంట్‌బాటెన్ స్వయంగా ఆ ఎయిర్‌ఫీల్డ్‌కు వచ్చి ఆయనకు డీఎఫ్‌సీ శౌర్య పతకం తగిలించి వెళ్లారు. సొంత స్క్వాడ్రన్ మాజీ కమాండరు పైన కూర్చుని ఉండగానే ఆ స్క్వాడ్రన్ పైలట్ కథ మరుగున పడిపోయింది. అర్జన్ సింగ్ గారిని తప్పు పట్టడం కాదు, ఆయనంటే మా నాన్నకు దేవుడు. కింద కాగితం సరిగా నడవకపోతే పైన ఎంత పెద్దమనిషి ఉన్నా లాభం లేదని చెప్పడానికే.

ఏటా స్క్వాడ్రన్ పుట్టినరోజు ఏప్రిల్ 1న, వైమానిక దళ దినోత్సవం అక్టోబరు 8న ఉపన్యాసాలు వింటూనే ఉంటాం. 1933లో కరాచీ డ్రిగ్ రోడ్డులో ఈ స్క్వాడ్రన్ నాలుగు వాపిటీ విమానాలతో మొదలైందనీ, తొలి పైలట్లలో సుబ్రతో ముఖర్జీ గారు ఒకరనీ, 1942లో బర్మాలో స్క్వాడ్రన్ కమాండరు మజుందార్ గారు లైసాండర్లకు బాంబులు కట్టి వెళ్లారనీ చెబుతారు. లైసాండర్ అంటే నిఘాకు వాడే నెమ్మది విమానం, దానికి బాంబులు తగిలించారు! తగిలించిన చేతులు ఎవరివో మాత్రం ఏ ఉపన్యాసంలోనూ రాదు. 1933లో ఆఫీసర్లతో పాటు పందొమ్మిది మంది హవాయీ సిపాయీలు, అంటే విమానాల పని చూసే సిపాయీలు, ఉన్నారని అందరూ అంటారు. పందొమ్మిది అనే అంకె తప్ప ఆ పేర్లు చదవగా నేనెప్పుడూ వినలేదు. మా నాన్న ఆ పందొమ్మిది మంది వంశం. విమానం ఎక్కినవాళ్లకు పేర్లు, ఎక్కించినవాళ్లకు అంకె.

పోనీ పేర్లు ఉన్నవాళ్ల కాగితాలైనా భద్రమా? 1947లో విమానాలు, సామాను పాకిస్తాన్ వాటాలోకి వెళ్లి మన 1వ నంబరు ఖాళీ అయింది. 1953లో 15వ స్క్వాడ్రన్‌కు ఆ నంబరు ఇచ్చి మళ్లీ నిలబెట్టారు. తర్వాత మిస్టేర్, మిగ్-21, 1986 నుంచి గ్వాలియర్‌లో మిరాజ్. ఇన్ని ఊళ్లు మారిన స్క్వాడ్రన్ పెట్టెల్లో ఏది ఎక్కడ దిగిందో ఒక జాబితా ఉందా? నేను అడిగాను. ఆ ప్రశ్నకు జవాబు కూడా 'సంబంధిత విభాగానికి పంపడమైనది'. బ్రిటన్ వాళ్ల స్క్వాడ్రన్ల రోజువారీ రికార్డు పుస్తకాలు లండన్‌లోని క్యూ ఆర్కైవ్స్‌లో ఎవరైనా అడిగి చదువుకోవచ్చు. ఎవరు ఏ విమానంలో ఎన్ని గంటలకు లేచారో, ఎప్పుడు దిగారో వరుసగా ఉంటుంది. మనల్ని ఏలినవాళ్ల దగ్గర నేర్చుకోవాల్సినవి కొన్నే. నేర్చుకున్నవాటిలో ఇది లేకపోవడం మన ఖర్మ.

మీ విధానంలో రెండు మెలికలు ఉన్నాయి, మీకు తెలిసే ఉంటుంది. రికార్డులను 25 ఏళ్లకు 'సాధారణంగా' విడుదల చేయాలంటారు. 1965కు పాతిక కలిపితే 1990. ఆ 'సాధారణంగా' అన్న మాట చాటున ఇంకెన్నేళ్లు గడుపుతారు? రెండోది, యుద్ధ చరిత్ర రాయడం పూర్తయ్యాకే పాత రికార్డులు జాతీయ ఆర్కైవ్స్‌కు వెళ్లాలన్నది. 1965 చరిత్ర రాయడం ఎప్పుడో అయిపోయింది కదా. మరి ఆ పుస్తకాలు వెళ్లాయా, లేదా? వెళ్తే ఏ నంబరు కింద ఉన్నాయో చెప్పండి, నా ఖర్చుతో ఢిల్లీ వచ్చి చూసుకుంటాను. వెళ్లకపోతే ఎందుకు వెళ్లలేదో చెప్పండి. తగలబెట్టేశారా? పాత ఫారాలు కాలం తీరాక తీసేస్తారని నాన్నే అంటుంటారు. అదైనా చెప్పండి, బాధపడతాం కానీ వెతకడం మానేస్తాం.

ఇంకో భయం ఉంది. 2025 సెప్టెంబరు 26న చండీగఢ్‌లో మిగ్-21లకు వీడ్కోలు చెప్పారు, టీవీలో నాన్నతో కలిసి చూశాను. ఒక్కో స్క్వాడ్రన్ మూతపడి నంబర్ ప్లేట్ అవుతున్నప్పుడు వాటి పుస్తకాలు ఎవరు తీసుకుంటున్నారు? విమానానికి నీళ్ల ఫిరంగుల సలాం ఇచ్చారు, బాగుంది. బీరువా తాళం ఎవరి జేబులో ఉందో కూడా అడగండి. లేకపోతే మళ్లీ అరవై ఏళ్లకు ఇంకెవరి కొడుకో ఇలాంటి ఉత్తరమే రాయాల్సి వస్తుంది.

నేను అడిగేది పెద్దదేమీ కాదు. ఆ రోజు పేజీ నకలు. వీలైతే ఆ వారంలో స్క్వాడ్రన్‌లో పనిచేసిన ఎయిర్‌మెన్ పేర్లు. అసలైతే 1వ స్క్వాడ్రన్ పుస్తకాలన్నీ తెరవాలని అడగాలి, అడుగుతున్నాను కూడా. కానీ అన్నీ ఇచ్చేదాకా ఆ ఒక్క పేజీ ఆపకండి. దయచేసి ఆ ఒక్క పేజీ ముందు పంపండి. దేవయ్య గారి విమానం కాదని తేలినా ఫర్వాలేదు. నాన్న ఆ మాట తనే అన్నారు: 'నాది కాకపోతే ఇంకెవరో ఫిట్టర్‌ది. వాడి పేరైనా తెలుస్తుంది.'

ఈ మధ్య ఆయన ఒక కొత్త మాట మొదలుపెట్టారు. ఆ రోజు తన సంతకం సరిగా పడిందో లేదో అని. చీకట్లో పెట్టిన సంతకం, గీత దాటిందేమో అని. నేను నవ్వాను, ఆయన నవ్వలేదు.

నకలు ఛార్జీ ఎంతో చెబితే కడతాను. జవాబు తెలుగులో అక్కర్లేదు, ఇంగ్లీషులోనైనా హిందీలోనైనా నేను చదివి వినిపిస్తాను. కాగితం నకలు మాత్రం కాస్త పెద్దదిగా తీయించండి. ఆయన సంతకం ఉంటే ఆయనే పోల్చుకుంటారు.

ఇట్లు
1వ స్క్వాడ్రన్ మాజీ ఎయిర్‌మన్ ఒకరి కొడుకు