హారర్ నవలల్ని గ్రంథాలయాల్లోంచి తీసేయాలా?

సంపాదకుల వారికి నమస్కారం.

అమెరికన్ హారర్ రచయిత స్టీఫెన్ కింగ్ నవలల మీద మీ లేఖల శీర్షికలో కొన్ని వారాలుగా నడుస్తున్న వాదులాట చదువుతున్నాను. ఒకరు ఆయన్ని ఆకాశానికెత్తారు, ఇంకొకరు 'చెత్త' అని ఒక్క ముక్కలో తేల్చేశారు. అంతవరకు నాకే అభ్యంతరమూ లేదు. కానీ ఇలాంటివి పిల్లల బుర్రలు పాడుచేస్తాయి కాబట్టి ప్రభుత్వ గ్రంథాలయాలు వీటిని కొనకూడదు, ఉన్నవి కూడా తీసేయాలి అని ఒక పెద్దమనిషి రాశారు. అది చదివాక ఊరుకోబుద్ధి కాలేదు.

ముందు కింగ్ సంగతి. వెయ్యి పేజీలు దాటిన 'ఇట్' (1986) మొదలుపెట్టి సగంలో వదిలేసినవాళ్ల బాధ నాకు అర్థమవుతుంది. సాగదీత ఉంది, కాదనను. ముగింపులు తేలిపోతాయన్న ఫిర్యాదూ నిజమే. అంతసేపు గుండె దడ పుట్టించి చివర్లో ఉసూరుమనిపించిన పుస్తకాలు ఆయనవి ఒకటీ రెండూ కాదు. పాత అభిమానులకైతే 'క్యారీ' (1974), 'ద షైనింగ్' (1977) రాసిన కింగే కింగ్. ఈమధ్య రాసిన డిటెక్టివ్ నవలలు వాళ్ల కంటికి ఆనవు. 2003లో అమెరికాలో నేషనల్ బుక్ ఫౌండేషన్ ఆయనకు పతకం ఇస్తే హెరాల్డ్ బ్లూమ్ అంతటి విమర్శకుడు మండిపడ్డాడు. మనం ఇప్పుడు పడుతున్న తగువు వాళ్లు ఎప్పుడో పడ్డారు.

అయితే 'దయ్యాల కథలు' అని కొట్టిపారేసేవాళ్లు పుస్తకం చదివి మాట్లాడుతున్నారా, సినిమా పోస్టర్ చూసి మాట్లాడుతున్నారా అని నా అనుమానం. 'ద షైనింగ్'లో నన్ను భయపెట్టింది హోటల్లోని దయ్యాలు కావు. తాగిన మైకంలో కన్నకొడుకు చెయ్యి విరిచిన తండ్రి, తాగుడు మానేశానంటూ ఆ పిల్లాడినీ భార్యనీ వెంటబెట్టుకుని, మంచు కురిస్తే దారులు మూసుకుపోయే చోటికి కాపురానికి వెళ్తాడు. ఇలాంటి తండ్రులు మన బస్తీల్లోనూ ఉన్నారు, అపార్ట్‌మెంట్లలోనూ ఉన్నారు. ఇక 'కూజో' (1981)లో భయపెట్టేది దయ్యం కాదు, పిచ్చికుక్క. ఎండలో ఆగిపోయిన కారు, బయట ఆ కుక్క, లోపల తల్లీ నాలుగేళ్ల కొడుకూ. తలుపు తీస్తే కుక్క, తీయకపోతే ఉక్క. 2023లో అంబర్‌పేటలో వీధికుక్కలు ఒక చిన్నపిల్లాణ్ణి పొట్టన పెట్టుకున్నాయి. మేం ఉండేది ఆ పక్కనే. ఆ తర్వాత ఈ నవల చదివినవాళ్లకి దాన్ని కాలక్షేపం అనడానికి నోరు రాదు. నవలలో పిల్లాడు చనిపోతాడు, సినిమాలో బతికించారు. ఏది న్యాయం అన్నదాని మీద మా ఇంట్లోనే రెండు పార్టీలున్నాయి.

నిషేధం కోరేవాళ్ల వాదనకు ఒకచోట బలముంది, కాకపోతే అది కింగ్‌కు కాదు, మనకు తగులుతుంది. అమెరికాలో రక్తపిశాచుల నవల చదివి ఎవరూ పక్కింటివాడి మీద పడి కొట్టరు. మన దగ్గర చేతబడి, బాణామతి అంటే ఉత్త కథలు కావు. ఆ అనుమానంతో మనుషుల పళ్లు రాలగొట్టిన వార్తలు, ప్రాణాలు తీసిన వార్తలు జిల్లా పేజీల్లో చదువుతూనే ఉన్నాం. అందుకే చేతబడి చుట్టూ తిరిగే యండమూరి నవల 'తులసిదళం' జనాన్ని ఊపేసినప్పుడు రంగనాయకమ్మ గారు దాని మీద విమర్శగా ఏకంగా పుస్తకమే రాశారు. నాకు ఆ నవలా కావాలి, ఆ విమర్శా కావాలి. నవల బీరువాలో లేకపోతే ఆ విమర్శ ఎవరికి అర్థమవుతుంది?

బాధ్యత ఉండొద్దా అంటారా? ఉండాలి, రచయితకు. కింగ్, రిచర్డ్ బాక్‌మన్ అనే మారుపేరుతో రాసిన 'రేజ్' (1977)లో ఒక విద్యార్థి తుపాకీతో తన క్లాసునే బందీ చేస్తాడు. నిజంగా స్కూల్లో కాల్పులు జరిపిన ఒక కుర్రాడి లాకర్‌లో ఆ పుస్తకం దొరికాక, ఇక అచ్చు వేయొద్దని కింగే చెప్పాడు. ఏ సర్కారూ ఆయనకు ఆ పని చెప్పలేదు.

హైదరాబాద్‌లో ఆస్తి పన్నుతో పాటు రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ పన్ను కడుతున్నాం. హారర్ చదివేవాళ్లూ కడుతున్నారు. మా ప్రాంతంలోని శాఖా గ్రంథాలయంలో కుర్చీలన్నీ గ్రూప్స్‌కీ కానిస్టేబుల్ పరీక్షలకీ చదివే పిల్లలతో నిండిపోతాయి, నవలల బీరువాకు మాత్రం ఎప్పుడూ తాళమే. అడిగి తీయించుకుంటే ఒక పాత తెలుగు హారర్ నవల దొరికింది. మొదటి పేజీలో ఎవరో పెన్సిల్‌తో 'సోది, టైమ్ వేస్ట్' అని రాశారు. దాని కింద ఇంకొకరి చేతిరాత: 'రాత్రి ఒక్కడివే కూర్చుని చదువు, తెలుస్తుంది'. ఆ కింద మూడో ఆయన: 'చివరి పేజీలు చింపిన మహానుభావుడెవరు?' ఆ చివరి పేజీలు నాకూ దొరకలేదు.

పిల్లల విభాగంలో పెట్టమని ఎవరూ అడగడం లేదు. పెద్దల నవలల్లోనే ఉంచండి, వాటిని దుయ్యబట్టిన పుస్తకాలూ పక్కనే పెట్టండి. పాఠకులు తమకు కావలసిన పుస్తకాల పేర్లు రాసుకునేందుకు ప్రతి శాఖలో ఒక రిజిస్టర్ ఉంచి, కొనుగోలు జాబితా వేసేముందు అది ఒకసారి చూడమని గ్రంథాలయ సంస్థ అధికారులను మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

– ఒక పాఠకురాలు, నల్లకుంట, హైదరాబాద్