తెల్లబడ్డ డ్యాష్‌బోర్డుకు కొబ్బరినూనె మందు కాదు

సంపాదకుల వారికి,

ఎండాకాలంలో కారు జాగ్రత్తల గురించి మీ పత్రికలో వచ్చిన చిట్కాల్లో టైరు గాలి, కూలెంటు, బ్యాటరీ సంగతులు బాగానే రాశారు. డ్యాష్‌బోర్డు వెలిసిపోతే కొబ్బరినూనో, కాస్త కిరసనాయిలో గుడ్డకు అద్ది తుడవమన్న మాటతోనే మాకు పేచీ. అనంతపురంలో పాత మారుతి 800లు, శాంత్రోలు, ఇండికాలు ఇంకా తిరుగుతూనే ఉన్నాయి. వాటి లోపలి ముక్క ఒకటి పాడైతే పాత సామాన్ల దుకాణాల చుట్టూ తిరగాల్సిందే.

నల్ల ప్లాస్టిక్ తెల్లబడిందంటే నలుపు ఎగిరిపోయిందని కాదు. ఆ నలుపు ప్లాస్టిక్‌లో కలిపిన మసి, అది అంత తేలిగ్గా పోదు. పాడయ్యేది దాన్ని పట్టుకుని ఉన్న పైపొర. ఎండ, వేడి కలిసి ఆ పొరను పెళుసు చేస్తాయి. ఎండిన చెరువులో మట్టి విచ్చినట్టు కంటికి ఆనని నెర్రెలు పడతాయి. వెలుతురు వాటిల్లో చెదిరి తెల్లగా కనబడుతుంది. ముందద్దంలో రెండు గాజు పొరల మధ్య ప్లాస్టిక్ పొర ఉంటుంది కాబట్టి అతినీలలోహిత కిరణాలను చాలావరకు ఆపుతుంది, పక్క అద్దాలు అంతగా ఆపవు. అందుకే డోర్ ప్యాడ్ పైఅంచు, అంటే మోచెయ్యి ఆనించే చోటు, కిందిభాగం కంటే ముందే వెలుస్తుంది.

ముందు చేయాల్సింది తడిగుడ్డ పరీక్ష. వెలిసిన చోట తుడిచి చూడండి. గుడ్డకు మురికి అంటి, ఆరాక కూడా నలుపు నిలిస్తే అది ఉత్త దుమ్ము, పాత పాలిష్ జిడ్డు. కడిగితే చాలు. తడి ఉన్నంతసేపు నల్లగా ఉండి, ఆరగానే మళ్లీ తెల్లబడితే నెర్రెలు పడ్డట్టు. డ్రెస్సింగ్, అంటే ప్లాస్టిక్‌కు పూసే ద్రవం, రాస్తే కొన్నాళ్లు కుదురుకుంటుంది. వేలితో రుద్దితే సుద్దలాగా పొడి అంటుకుంటే మాత్రం రంగు వేయడం తప్ప దారి లేదు.

నూనె చేసేదీ తడిగుడ్డ చేసే పనే, నెర్రెలు నింపడం. కాకపోతే అది ఆరదు. వేడికి ముక్కిన వాసన కొట్టి, దుమ్ము పట్టి, నెల తిరక్కుండా జిగురవుతుంది. కిరసనాయిలు కొన్ని ప్లాస్టిక్‌లను ఉబ్బిస్తుంది, ఏబీఎస్ అనే రకం ప్లాస్టిక్ ముక్క మీద థిన్నర్ పడితే పైపొర కరిగి మచ్చ దిగుతుంది. వాషింగ్ సెంటర్లలో కొట్టే నిగనిగలాడే సిలికాన్ పాలిష్ కూడా అంత మంచిదేం కాదు. ఆ మెరుపు ముందద్దంలో ప్రతిబింబించి మధ్యాహ్నం పూట రోడ్డు సరిగా కనిపించదు. రేపెప్పుడైనా ఆ ముక్కకు రంగు వేయించాలంటే సిలికాన్ మిగిలిన చోటల్లా రంగు చేపకళ్లలా గుంటలు పడుతుంది. స్టీరింగుకు, పెడళ్లకు అయితే ఏ పాలిషూ పూయకూడదు, జారుతాయి.

కడగడం నీడలో, పొద్దున తొమ్మిదిలోపు పెట్టుకోండి. వేడెక్కిన ప్లాస్టిక్ మీద నురుగు అక్కడికక్కడే ఆరి చారలు కడుతుంది. లీటరు గోరువెచ్చని నీళ్లకు ఒక చిన్న చెంచా, అంటే 5 మి.లీ., గిన్నెలు తోమే లిక్విడ్ చాలు. మెత్తటి బ్రష్షును ముంచి, విదిలించి, గరుకు గీతల్లోకి గుండ్రంగా తిప్పాలి. స్విచ్చుల మీద నేరుగా పిచికారీ చేయకూడదు. తడి మైక్రోఫైబర్ గుడ్డతో రెండుసార్లు తుడిచి, అరగంట ఆరనివ్వాలి. మీటర్ బోర్డు మీది పారదర్శక ప్లాస్టిక్‌కు స్పిరిట్, శానిటైజర్ తగలనివ్వకండి, సాలెగూడులా పగుళ్లు వస్తాయి.

తర్వాత నీళ్ల ఆధారంగా చేసిన, మెరుపు లేని డ్రెస్సింగ్ తీసుకుని స్పాంజి మీద రెండు మూడు చుక్కలు వేసుకుని పలచగా పట్టించాలి. పది నిమిషాలాగి పొడిగుడ్డతో మిగిలింది తుడిచేయాలి. తుడవకపోతే అదీ జిడ్డే. ఎండలో నిలిపే కారుకు నెలా రెండు నెలలకోసారి మళ్లీ రాయక తప్పదు.

రంగు దాకా వస్తే ఓపిక కావాలి. ముక్కను ఊడదీయకుండా రంగు కొట్టడం వృథా, అంచుల దగ్గర పక్కులు లేస్తుంది. ఇనుప స్క్రూడ్రైవర్ కాకుండా ప్లాస్టిక్ పట్టీతో లేపండి. పాత క్లిప్పులు పెళుసెక్కి పుటుక్కున విరుగుతాయి కాబట్టి నాలుగు కొత్తవి ముందే తెచ్చిపెట్టుకోండి. ముక్క వెనక్కి తిప్పి చూస్తే దాని జాతి ఇంగ్లిషు అక్షరాల్లో అచ్చు వేసి ఉంటుంది. పీపీ అని ఉంటే పాలీప్రొపైలీన్, దానికి మామూలు రంగు అంటదు. ముందు ప్లాస్టిక్ ప్రైమర్ ఒక పలచటి పూత పడాలి. చాలాచోట్ల ఎగ్గొట్టేది ఇదే, ఆరునెలలకు గోరుతో గీకితే పొరలా ఊడేదీ ఇందుకే. సబ్బునీళ్లతో కడిగి, తడిపి రుద్దే 800 నంబరు గరుకు కాగితంతో (వాటర్ పేపరు) ముక్క మీది గరుకు చెరిగిపోకుండా తేలిగ్గా తడిమి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచాకే ప్రైమర్. ఆ పైన మ్యాట్ నలుపు మూడు పలచటి పూతలు, అడుగు కంటే కొంచెం తక్కువ దూరం నుంచి, పూతకూ పూతకూ పది నిమిషాలు ఎడం ఇచ్చి కొట్టాలి. ఒకేసారి మందంగా కొడితే కారుతుంది. 40 డిగ్రీల ఎండలో కొడితే రంగు గాలిలోనే ఆరి ఇసుక చల్లినట్టు పడుతుంది. ఆషాఢంలో అసలే వద్దు, రామగిరి గాలిమరలను తిప్పే గాలి తడి రంగు మీదికి దుమ్ము మోసుకొస్తుంది. బిగించే ముందు ఒక రోజంతా ఆరాలి.

ఎస్‌ఆర్‌ఎస్ అని రాసి ఉన్న మూత కింద ఎయిర్‌బ్యాగు ఉంటుంది. దానికి రంగు వేయొద్దు, ఊడదీయొద్దు. ఆ మూత సరిగ్గా గీత దగ్గర చీలి తెరుచుకునేలా చేసింది. ఫోన్ వీడియోల్లో వేడిగాలి చిమ్మే హీట్ గన్‌తో నలుపు తెప్పిస్తున్నారు. బయటి బంపరుకు కొన్నాళ్లు పనిచేస్తుందేమో గానీ, లోపలి పలచటి ముక్క వంకర పోతుంది, గరుకు కరిగి ముఖం మీద నూనె మచ్చలా మెరుస్తుంది.

అద్దాలకు నల్ల ఫిల్మ్ అంటించడాన్ని సుప్రీంకోర్టు 2012లోనే అడ్డుకుంది కాబట్టి ఆ దారి ఎంచుకోకండి. కారు ఆపినప్పుడు ముందద్దానికి లోపలి నుంచి వెండిరంగు అట్ట, మెరిసే వైపు బయటికి ఉండేలా, అంచుల దగ్గర సందు లేకుండా పెట్టండి. అట్ట కొలత చిన్నదై ఒక మూల తెరుచుకుని ఉంటే, రెండేళ్లకు ఆ మూల ఒక్కటే తెల్లబడి కనిపిస్తుంది.

ఇట్లు,
కార్ల ఇంటీరియర్ పనివాళ్లం,
అనంతపురం